పదును రాయని కొలత



మాస్టారి పేరు మీద ఈ కళాశాలలో మాట్లాడమన్నప్పుడు విషయం కోసం వెతుక్కోవలసిన పని పడలేదు. ఆయన ఉద్యోగ జీవితమంతా నల్లరేగడితోనే గడిచింది. ప్రయోగశాలలో ఆయనకు బొత్తిగా గిట్టని వస్తువు ఒకటుండేది. చెక్క సుత్తి. పొలం నుంచి సంచీలో వచ్చిన మట్టిని నీడన ఆరబెట్టి, ఆ సుత్తితో నలగ్గొట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాకే మన పరీక్షలన్నీ మొదలవుతాయి. భాస్వరమెంతో, పొటాష్ ఎంతో తెలుసుకోవడానికి ఆ పద్ధతి సరైనదే. అయితే ఆ మట్టి పొలంలో ఎలా అమరి ఉండేదో, ఏ సందుల్లోంచి నీరు దిగేదో, వేరు ఎక్కడ అడ్డం తిరిగిందో చెప్పే సాక్ష్యం సుత్తి మొదటి దెబ్బకే పోతుంది. ఆ సంగతి ఆయన ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవారు.

2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో 12 అంశాలున్నాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం. జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ అనే సూక్ష్మపోషకాలు. ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం. అన్నీ అవసరమైనవే. కానీ అన్నీ నలగ్గొట్టిన మట్టిలో దొరికేవే. నేల నిర్మాణానికి ఆ పన్నెండులో చోటు లేదు. ఎర్రచల్కలకు ఈ లోటు కొంత చెల్లుతుందేమో గానీ, బంకమన్ను పాలు ఎక్కువున్న నేలలకు అసలు రోగమే అక్కడుంది. ఎకరానికి ఎన్ని బస్తాలు వేసినా వేరు అందుకోలేకపోతే ఆ ఎరువు ఎవరి కోసం?

ఈ నేలల్లో నిర్మాణాన్ని పొలంలోనే ఎలా కొలుస్తారు, ఆ కొలతల్ని ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈరోజు నా విషయం. చెప్పదలచుకున్నది మొదటే చెప్పేస్తాను. నల్లరేగడిలో పక్కన పదును రాయని ఏ కొలతా కొలత కింద లెక్కకు రాదు.

కారణం మట్టి స్వభావంలోనే ఉంది. 0.002 మిల్లీమీటర్లకన్నా సన్నని కణాల్ని బంకమన్ను అంటాం. దక్కన్ బసాల్టు శిల చివికి ఏర్పడిన మన నల్లరేగళ్లలో ఈ బంకమన్ను సగం దాకా, చాలాచోట్ల సగానికి మించి ఉంటుంది. అందులో ఎక్కువ పాలు స్మెక్టైట్ జాతి ఖనిజాలు. వాటి పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతాయి, పోతే ముడుచుకుంటాయి. దేశంలో నల్లరేగడి, దాని అనుబంధ నేలలు కలిపి సుమారు 7 కోట్ల హెక్టార్లు ఉంటాయని అంచనా. అంటే అంత మేర భూమి ఏటా ఒకసారి ఉబ్బి, ఒకసారి ముడుచుకుంటోందన్నమాట.

చిన్న లెక్క చూడండి. బాగా తడిసినప్పుడు 10 సెంటీమీటర్లున్న మట్టి ఘనం ఎండాక 9 సెంటీమీటర్లయిందనుకుందాం. నల్లరేగడికి ఇది వింతేమీ కాదు. తడిగా ఉన్నప్పుడు దాని స్థూల సాంద్రత 1.35 అయితే, ఎండాక అదే మట్టికి 1.85 వస్తుంది. ఆ పొలంలోకి ట్రాక్టరు దిగలేదు, ఎవరూ తొక్కలేదు, మట్టి అదే. ఆగస్టులో ఒక విద్యార్థి, మార్చిలో ఇంకో విద్యార్థి వెళ్లి కొలిస్తే, రెండోవాడు నేల గట్టిపడిపోయిందని థీసిస్ రాసేస్తాడు. ఇలాంటి పట్టికలు నేను చాలానే చూశాను. వాటిలో తేమ శాతం ఎంతని అడిగితే తలలు పక్కకు తిరిగేవి.

పైగా ఇనుప రింగు దిగ్గొట్టి నమూనా తీసే పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. ఎండిన పొలంలో ఆ రింగు ఎక్కడ పెడతారు? నెర్రె మీద పెడితే నిలవదు, కాబట్టి పెళ్ల మధ్యలో పెడతాం. అలా తీసిన సాంద్రత పెళ్లది. పొలానిది రావాలంటే నెర్రెల ఖాళీని కూడా కలపాలి. బ్రిటన్‌లో రోథమ్‌స్టెడ్‌లో హేన్స్ అనే ఆయన 1923లోనే మట్టి ఎండుతూ ముడుచుకునే తీరును దశలవారీగా గీసి చూపించాడు. నూరేళ్లు దాటినా ఆ గీతను పక్కనపెట్టి ఒకే ఒక్క సాంద్రత అంకె రాసే అలవాటు మనకు పోలేదు.

పెనెట్రోమీటరు సంగతీ అంతే. శంకువు మొన ఉన్న కడ్డీని నేలలోకి నొక్కి, ఎంత బలం పట్టిందో చూస్తాం. 2 మెగాపాస్కల్ దాటితే చాలా పంటల వేళ్లు ఇబ్బంది పడతాయని పుస్తకాల్లో గీత గీసి ఉంది. బంకనేలలో ఆ అంకెను నిర్ణయించేది ముందు తేమ, ఆ తర్వాతే నిర్మాణం. ఒకేరోజు, ఒకే వాన తడిసిన పక్కపక్క మళ్లను పోల్చడానికి అది మంచి పనిముట్టు. రెండు తేదీల మధ్య పోలికకు పెడితే మాత్రం మోసం చేస్తుంది.

నీరు ఇంకే వేగానికి రెండు రింగుల పరికరం వాడతాం. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లో 1970లలో తీసిన కొలతలు ఈ శాస్త్రం చదివినవాళ్లందరికీ పరిచయమే. నల్లరేగడిలో మొదటి అరగంట గంటకు 76 మిల్లీమీటర్ల లెక్కన నీరు ఇంకింది. తర్వాతి అరగంటలో అది 34కు, రెండో గంటలో 4కు పడిపోయింది. 144 గంటల తర్వాత 0.21 మిల్లీమీటర్లు. ఇంతకూ ఈ నేలలో నీరు ఇంకే వేగమెంత? 76 అన్నా నిజమే, 0.21 అన్నా నిజమే. మొదటిది నెర్రెలు తాగిన నీరు, చివరిది నెర్రెలు మూసుకుపోయాక మట్టి తాగిన నీరు. ఈ రెంటినీ విడదీసి కొలవడానికే ఆస్ట్రేలియాలో పెరూ, వైట్ అనే ఇద్దరు 1988లో డిస్క్ పర్మియామీటరు వివరాలు ప్రచురించారు. అందులో నీటిని కొద్దిపాటి పీడనంతో వెనక్కు లాగిపెట్టి ఇస్తారు. అప్పుడు నెర్రెల్లోకి, పెద్ద రంధ్రాల్లోకి నీరు దిగదు, సన్న సందులే పీల్చుకుంటాయి. ఎంత వెనక్కు లాగిపెట్టామన్నది మన చేతిలో ఉంటుంది గనుక ఏ సైజు రంధ్రం ఎంత పనిచేస్తోందో లెక్క తీయొచ్చు. ఆలోచన గొప్పది. పరికరం సుకుమారం, మన పొలాల్లో మధ్యాహ్నపు గాలికి అది నిలబడటమే గగనం.

అందుకని ముందు పార పట్టుకోమంటాను.

చూసి, విరిచి, మార్కులు వేసే పద్ధతి కొత్తదేమీ కాదు. నెదర్లాండ్స్‌లో పీర్ల్‌కాంప్ 1959లో మొదలుపెట్టాడు. దాన్నే స్కాట్లండ్ శాస్త్రవేత్త బ్రూస్ బాల్, ఆయన సహచరులు 2007లో సులభం చేశారు. 2011లో బ్రెజిల్ శాస్త్రవేత్తలతో కలిసి మళ్లీ సవరించారు. దాన్ని వెస్ అంటారు. సుమారు 25 సెంటీమీటర్ల లోతున మట్టి ముక్కను చెదరకుండా లేపి, చేత్తో విప్పి, 1 నుంచి 5 వరకు మార్కు వేయాలి. 1 అంటే వేళ్లకు పొడిపొడిగా రాలే నేల. 3 అంటే ఒక చేత్తో విరిచే పెళ్లలు. 5 అంటే విరవడమే కష్టమైన, వేరు దూరే సందు లేని దిమ్మ. ఈ వరసలో 1 మంచిది, 5 చెడ్డది. పరీక్ష మార్కులకు అలవాటు పడ్డ మన పిల్లలు మొదటి రోజు తిరగేసి వేస్తారు, చూసుకోండి.

పని చేసే తీరు కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. ఆ దేశాల పార తిన్నగా ఉంటుంది, నేలలోకి నిలువుగా దిగి ముక్కను లేపుతుంది. మన పార మెడ వంచుకుని ఉంటుంది, దానితో ముక్క లేవదు. ముందు గడ్డపారతో మోకాలి లోతు చిన్న కాలువ తీయాలి. దాని పక్కగోడలో, పనిముట్టు తగలని వైపు నుంచి, 15 సెంటీమీటర్ల మందం ముక్కను అరచెయ్యి కింద పెట్టి జారనీయకుండా తీసి, గోనెపట్టా మీద పడుకోబెట్టాలి. పార తగిలిన ముఖం అద్దంలా నున్నగా మెరుస్తుంది. అది పార చేసిన నునుపు, నేలది కాదు. చాకు మొనతో ఆ పొరను గిల్లి తీసేయాలి. అప్పుడు ముక్కను రెండు చేతులతో, అది తనంతట తాను ఎక్కడ విడిపోవాలనుకుంటే అక్కడ విడిపోనిస్తూ తెరవాలి. తొందరపడి విరిస్తే మీ చేతిబలం కొలిచినట్టవుతుంది.

తెరిచాక ముందు వేరు చూడండి. పత్తి, కంది తల్లివేరు 12-15 సెంటీమీటర్ల దగ్గర నిలువుగా దిగడం మానేసి అడ్డంగా పాకిందా? పిల్లవేళ్లు పెళ్ల లోపలికి పోయాయా, పైపైన వలలా అల్లుకున్నాయా? పెళ్లల అంచులు గుండ్రంగా ఉన్నాయా, పదునైన మూలలతో ఉన్నాయా? విరిచిన లోపలి ముఖంలో సూది బెజ్జమంత రంధ్రాలు కనిపిస్తున్నాయా? ముక్కలో పొరలు వేరుగా తెలుస్తుంటే టేపు పెట్టి ఒక్కో పొర మందం రాసుకుని, దేని మార్కు దానికి వేయాలి. పై 10 సెంటీమీటర్లకు 2, కింది 15 సెంటీమీటర్లకు 4 వచ్చాయనుకోండి. పొర మందాల్ని బట్టి సగటు కడితే 3.2. పద్ధతి ప్రకారం రిపోర్టులో పోయేది ఆ 3.2. నాకు మాత్రం ఆ సగటు మీద పెద్ద నమ్మకం లేదు. రైతుకు కావలసింది 10 సెంటీమీటర్ల దగ్గర ఏదో మొదలైందన్న సంగతి. ఏటా అదే లోతున రోటవేటరు తిప్పితే దాని కింద పొర అణిగిపోతుంది. సగటు ఆ సంగతిని దాచేస్తుంది.

ఇక్కడే నల్లరేగడి అడ్డం తిరుగుతుంది. ఏప్రిల్‌లో వెళ్లి తీస్తే ప్రతి పెళ్లా రాయే, అన్నిటికీ 4, 5 పడతాయి. జూలై ముసురులో తీస్తే పెళ్ల విరగదు, సాగుతుంది. ఏ మార్కు వేసినా అబద్ధమే. మధ్యలో పదునున్న కొద్ది రోజుల్లోనే ఈ పరీక్షకు అర్థముంది. ఆ పదునును కూడా పొలంలోనే కొలవొచ్చు. స్వీడన్‌కు చెందిన ఆటర్‌బెర్గ్ 1911లో ఇచ్చిన పద్ధతికి అరచెయ్యి చాలు. పరీక్షించే లోతు నుంచే చిటికెడు మట్టి తీసి 3 మిల్లీమీటర్ల సన్నని పోగులా పేనండి. పోగు ఇంకా సన్నగా సాగుతోందంటే తడి ఎక్కువ. ఆ మందానికి రాకముందే పొడి రాలుతోందంటే పదును దాటిపోయింది. సరిగ్గా 3 మిల్లీమీటర్ల దగ్గర తునుగుతుంటే అది ప్లాస్టిక్ లిమిట్, అక్కడా అంతకు కాస్త ఆరినప్పుడూ మార్కు వేయాలి. గుంటక తోలేముందు మట్టి పిసికి చూసే రైతు చేస్తున్నదీ ఇదే పరీక్ష. మనం దానికి ఒక మందం జోడించామంతే.

ఈ విషయంలో మనకన్నా ముందు దెబ్బ తిని నేర్చుకున్నవాళ్లు ఆస్ట్రేలియా పత్తి రైతులు. న్యూ సౌత్ వేల్స్‌లోని నమోయి, గ్వైడిర్ లోయల్లో వాళ్లవీ మన జాతి నల్లనేలలే. తడి నేల మీద బరువైన పత్తి యంత్రాలు నడిచి కింద పొరలు అణిగి, దిగుబడులు దెబ్బతిన్నాక, బంకనేలల కోసమే సాయిల్‌ప్యాక్ అనే చేతిపుస్తకం తయారుచేసుకున్నారు. అందులో మార్కులు 0 నుంచి 2 దాకా, 2 అంటే శ్రేష్ఠం. పెళ్ల ఎంత గట్టిగా ఉందన్నదానికన్నా అది విరిగాక లోపల ఇంకెంత చిన్న కణికలుగా విడిపోతుందన్నదానికి ఆ పుస్తకం ఎక్కువ విలువిస్తుంది. మన నేలలకు వెస్ కన్నా ఇది దగ్గరని నా అభిప్రాయం. మన దగ్గర పత్తి చేత్తోనే ఏరుతున్నాం గనుక ఆ యంత్రాల బాధ లేదు. కానీ కె.సి. కాలువ కింద, సాగర్ కాలువల కింద నల్లరేగళ్లలో దమ్ము చేసి వరి వేస్తున్నాం, పదునారని మడిలోకి చైన్ల హార్వెస్టరును దింపుతున్నాం. వరి తర్వాత వేసిన మినుము, శనగ ఎందుకు ఎదగలేదో అడిగితే విత్తనం మీదకో మందు మీదకో నెపం పోతుంది.

పాతిక సెంటీమీటర్ల కింద ఏముందో చూడాలంటే నడుం లోతు గుంట తప్పదు. 60 సెంటీమీటర్లు దాటాక నల్లరేగడి అసలు ముఖం కనిపిస్తుంది. ఉబ్బే మట్టి పక్కకు జరిగే చోటు లేక, ఒక ముద్ద ఇంకో ముద్ద మీదుగా ఏటవాలుగా జారుతుంది. ఆ రాపిడికి ముఖాలు మెరుగు పెట్టినట్టు నిగనిగలాడతాయి, వాటి మీద సన్నని గాళ్లు ఒకే దిశలో పోతుంటాయి. వీటినే స్లికెన్‌సైడ్లంటారు. మట్టి ముద్దలు చీలిక ఆకారంలో, అడ్డుగీతకు 10 నుంచి 60 డిగ్రీల వాలులో ఉంటాయి. నేలల వర్గీకరణలో వెర్టిసాల్ అని తేల్చడానికి ఈ వాలు కొలతే ఒక ఆధారం. ఆ ముఖాల మధ్య ఇరుక్కున్న పత్తి వేరును బయటికి తీస్తే రిబ్బనులా బల్లపరుపుగా వస్తుంది. వేరు దిగడానికీ దారి అదే, నలగడానికీ చోటు అదే.

ఇక నీటి గ్లాసు పరీక్ష. ఎమర్సన్ 1967లో ఆస్ట్రేలియా నుంచి ప్రచురించిన ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు. ఆరిన మట్టిలోంచి శనగగింజంత కణికలు తీసి, కదపకుండా గ్లాసులోని నీటిలో వదలాలి. రెండు గంటలకు ఒకసారి, మర్నాడు ఒకసారి చూడాలి. కణిక విరిగి కుప్పగా పడినా నీరు తేటగానే ఉంటే, మట్టి బలహీనమైనదే గానీ బాగుచేసుకోవచ్చు. కణిక చుట్టూ పాలపొగలాంటి మసక లేచి నీరంతా కలకబారితే సమస్య సోడియంది. అక్కడ పైపైన దుక్కి ఎంత చేసినా లాభం లేదు, జిప్సం ఆలోచించాలి. పొరపాటు ఎక్కువగా నీటి దగ్గర జరుగుతుంది. బోరు నీటిలో ఉప్పులుంటాయి, అవి మట్టిని చెదరనివ్వవు, చెడ్డ నేల కూడా పాసైపోతుంది. వాననీరో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరో వాడాలి. ఇంకో జాగ్రత్త, అదే మట్టిని పదునుకు తెచ్చి పిసికి ఉండ చేసి మరో గ్లాసులో వేయండి. తాకని కణిక నిలిచి, పిసికిన ఉండ కలకబారితే, తడిలో దున్నడమే ఆ నేలకు చేటని తెలుస్తుంది. ఈ మధ్య సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు స్లేక్స్ అనే ఫోన్ యాప్ తెచ్చారు, నీటిలో కణిక ఎంత పరుచుకుందో కెమెరా కొలుస్తుంది. బాగుంది. కాకపోతే మన మట్టి విరగకుండానే ఉబ్బుతుంది. ఆ వాపును కూడా విరగడం కింద లెక్కేసుకునే ప్రమాదముంది.

సోడియం మాట వచ్చింది కాబట్టి మహారాష్ట్ర పూర్ణా లోయ సంగతి చెప్పాలి. వినిమయ సోడియం 15 శాతం దాటితేనే చౌడు అన్న గీత 1954లో అమెరికా లవణ ప్రయోగశాల చేతిపుస్తకం నుంచి వచ్చింది. పూర్ణా లోయ నల్లరేగళ్లలో అంతకు చాలా తక్కువ సోడియం దగ్గరే నీరు దిగడం మానేసి, పత్తి దెబ్బతింటోందని నాగపూర్ జాతీయ నేలల సర్వే సంస్థకు చెందిన డి.కె. పాల్, ఆయన సహచరులు చూపించారు. సోడియం శాతాన్ని పట్టుకుని వేలాడకుండా, మీటరు లోతు వరకు తడిసిన నేలలో నీరు నడిచే వేగం గంటకు 10 మిల్లీమీటర్లకన్నా తగ్గిందా అన్నదే కొలబద్దగా పెట్టమన్నారు. రసాయనం కారణం చెబుతుంది, నష్టం జరిగిందో లేదో చెప్పేది నిర్మాణమే. మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ 15 శాతమే రాజ్యమేలుతోంది.

చివరిగా నెర్రెలు. వెడల్పుకు స్కేలు, లోతుకు సన్నని ఉక్కు తీగ, పరిమాణానికి పొడి ఇసుక పోసి కొలవడం పాత పద్ధతులు. తీగ వంపు దగ్గర ఆగిపోతుంది, ఇసుక కింద సందుల్లోకి పోదు, కాబట్టి అసలు ఖాళీకన్నా తక్కువే వస్తుంది. నాకు నచ్చిన పద్ధతి నేల మట్టం కొలవడం. నెర్రె అందని లోతుకు, 2 మీటర్లు దాటించి ఒక ఇనుప కడ్డీ దింపి, ఉబ్బే మట్టి దాన్ని పట్టి లాగకుండా చుట్టూ ప్లాస్టిక్ గొట్టం తొడిగి, ఆ కడ్డీ కొసకూ నేలకూ మధ్య ఎత్తు నెలనెలా రాసుకోవడం. వానాకాలం చివర నుంచి వేసవికి నేల 3 సెంటీమీటర్లు కుంగిందనుకుందాం. మట్టి మూడు దిక్కులా సమానంగా ముడుచుకుంటే, మీటరు మందం పొరలో చదరపు మీటరుకు 87 లీటర్ల మేర సైజు తగ్గుతుంది. అందులో 30 లీటర్లు కుంగుబాటు, మిగిలిన 57 లీటర్లు నెర్రెలు. ఎకరానికి సుమారు 2 లక్షల 30 వేల లీటర్ల చోటు. బాగా తడిగా ఉన్న నేల ఆరడం మొదలైనప్పుడు ముందు కుంగడమే ఎక్కువ, నెర్రెలు తర్వాత వస్తాయి కాబట్టి ఈ లెక్క ఎండిన కాలానికే సరిపోతుంది. కానీ ఒక కడ్డీతో, ఒక టేపుతో వచ్చే అంకెకు ఇది తక్కువ కాదు. అణిగిపోయిన పొరను నల్లరేగడి తనంతట తాను విరుచుకునేది కూడా ఈ నెర్రెలతోనే. అందుకే ఒక వేసవి గడిచాక కొలవకుండా ఏ నేలకూ శాశ్వతంగా గట్టిపడిందని ముద్ర వేయొద్దు.

ఈ కళాశాలకు నాదొక విన్నపం. పరిశోధన పొలంలో నల్లరేగడి మళ్లు ఎలాగూ ఉన్నాయి. తేదీ, చివరి వాన పడి ఎన్ని రోజులైంది, పోగు ఎంత మందానికి తునిగింది అన్న మూడు గడులు ముందుంచి, ఆ తర్వాతే మార్కు, లోతు, వేరు, గ్లాసు నీటి రంగు రాసేలా ఒక పేజీ ఫారం అచ్చు వేయండి. ఆ మూడు గడులు ఖాళీగా ఉంటే మిగతావి నింపనివ్వకండి. మొదటి ఏడాది రెండుసార్లు చాలు. జూన్‌లో తొలకరి తడి 25 సెంటీమీటర్లు దిగి కాస్త ఆరాక ఒకసారి, శనగ విత్తేముందు అక్టోబరులో ఒకసారి, అదే మడిలో అడుగు పక్కగా. తేమ శాతానికి ఓవెన్ ఉంది, 105 డిగ్రీల దగ్గర ఒకరోజు. గడ్డపార, గోనెపట్టా, టేపు మాత్రం కొనుక్కోవాలి. మాస్టారి కుటుంబం ఇచ్చిన నిధి వడ్డీలోంచి ఆ ఖర్చు పెట్టవచ్చని వారి అబ్బాయి ఇందాకే వేదిక మీద నాతో అన్నారు.